చెన్నై ఉప్పుగాలిలో పాత కారు: ముందు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

చెన్నైలో తిరిగే కార్లకు ముందు చక్రాల బ్రేకు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు, బ్రేకు తొక్కితే ప్యాడ్లు రెండు వైపులా పట్టి ఆపేవి) రెండు రకాలుగా పాడవుతాయి. రోజూ ఐటీ ఆఫీసులున్న ఓఎంఆర్ రోడ్డు మీద సిగ్నల్ సిగ్నల్‌కీ బ్రేకు తొక్కుకుంటూ ఆఫీసుకు వెళ్లొచ్చే కార్లకు అరిగిపోతాయి. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్, నీలాంకరై వైపు అపార్ట్‌మెంటు కింద కవరు కప్పుకొని పడుకుని, గుడికో పెళ్లికో మాత్రం బయటికొచ్చే కార్లకు తుప్పు పట్టిపోతాయి. మన ఇళ్లల్లో రెండో రకం చాలానే ఉన్నాయి. బండి పెద్దగా తిప్పలేదు కదా, బ్రేకులు కొత్తగానే ఉంటాయిలే అనుకుంటాం. మీటరు మీద కిలోమీటర్లు తక్కువున్నాయని సముద్రపు గాలి ఊరుకోదు.

నిజానికి పాత డిస్కు తీసి కొత్తది పెట్టడం ఈ పనిలో చిన్న భాగం. చేయి తిరిగినవాళ్లకు చక్రానికి అరగంట చాలు. మిగతా టైమంతా కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జరిగే పిన్నులు పట్టేసి ఉంటే వదిలించడానికి, హబ్ (డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం) మీద తుప్పు గోకడానికి పోతుంది. ఆ టైము పోనివ్వాలి. అక్కడ తొందరపడి కొత్త డిస్కు ఎక్కించేస్తే కొన్నాళ్లకే మళ్లీ స్టీరింగ్ వణుకు మొదలవుతుంది, కొత్త ప్యాడ్లు ఒకవైపే అరుగుతాయి. రోజుకు పది బళ్లు చూసే వర్క్‌షాపు కుర్రాడికి ఒక్కో హబ్ దగ్గర ఇరవై నిమిషాలు కూర్చునే ఓపిక ఎక్కడుంటుంది? మీకున్నది ఒక్క కారే కాబట్టి మీరు కూర్చోవచ్చు. ఈ పని ఇంట్లో చేసుకోమని చెప్పడానికి నాకు కనిపించే పెద్ద కారణం అదే. డబ్బు మిగలడం తర్వాతి సంగతి.

ఇక్కడ రాసింది ప్యాడ్‌ను తోసే పిస్టన్ ఒక్కటే ఉండి, పక్కకు జరిగే కాలిపర్‌తో వచ్చిన మామూలు చిన్న కార్ల గురించి. పాత స్విఫ్ట్, ఐ10 లాంటివన్న మాట. కొన్ని మరీ పాత మోడళ్లలో డిస్కు హబ్‌కు వెనకవైపు బోల్టులతో బిగించి ఉంటుంది. చక్రం తీసి చూస్తే హబ్ ముందుకూ డిస్కు దాని వెనక్కూ కనిపిస్తుంది. అలాంటిదైతే హబ్ మొత్తం ఊడదీయాలి, బేరింగు దాకా వెళుతుంది పని. దాన్ని వర్క్‌షాపుకే ఇచ్చేయండి. ఇంతవరకు స్టెప్నీ కూడా మార్చని వాళ్లయితే మొదటిసారి తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని చేయండి. మొహమాటపడే విషయం కాదు, ఇది బ్రేకు.

మార్చాల్సిన టైము వచ్చిందా?

కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు దిగితే కొత్తవి కొనే టైము వచ్చినట్టే. చాలా ప్యాడ్లకు చివర సన్నటి ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగాక ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది, కావాలని పెట్టిన ఏర్పాటే అది. కీచు పోయి బరబరా గోకుతున్న శబ్దం వస్తోందంటే ప్యాడ్ మొత్తం అరిగి దాని వెనక ఉక్కు పలక డిస్కును తినేస్తోందని అర్థం. ఆ కారును ఇక కదపకండి.

చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూసి ప్యాడ్ బాగానే ఉందనుకోవద్దు. అక్కడ కనిపించేది బయటి ప్యాడ్ మాత్రమే. పిస్టన్ నేరుగా నొక్కేది లోపలి ప్యాడ్‌ను. పిన్నులు పట్టేసిన బండిలో బయటిది సగం మిగిలుండగానే లోపలిది అయిపోతుంది.

ఇక డిస్కు. ప్యాడ్ తగిలే భాగం అరుగుతుంది, తగలని బయటి అంచు అలాగే ఉండిపోయి గట్టులా నిలబడుతుంది. చల్లారిన డిస్కు మీద గోరు పెట్టి బయటికి లాగండి, గట్టు ఎంత ఎత్తుందో తెలిసిపోతుంది. ఆ గట్టు వల్లే వెర్నియర్‌తో (రెండు దవడల మధ్య పెట్టి మందం కొలిచే పనిముట్టు) నేరుగా కొలిస్తే లెక్క తప్పుతుంది, దాని దవడలు గట్టు మీదే ఆగిపోతాయి. ఒకే రకం రూపాయి నాణేలు రెండు తీసుకోండి. డిస్కుకు అటొకటి ఇటొకటి, గట్టుకు లోపలగా ఆనించి, వాటి మీద వెర్నియర్ పెట్టి కొలవండి. వచ్చినదాంట్లోంచి రెండు నాణేల మందం తీసేయండి. మిగిలిందే అసలు మందం. చుట్టూ మూడు నాలుగు చోట్ల చూసి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె పట్టుకోండి. ఉండాల్సిన కనీస మందం డిస్కు మీదే, అంచున గానీ మధ్యలోని టోపీ లాంటి భాగం మీద గానీ పోత పోసి ఉంటుంది. తుప్పు కింద దాక్కుంటే వైరు బ్రష్‌తో రుద్దితే పైకి తేలుతుంది. ఆ అంకెకు కాస్త పైనున్నా సరే, కొత్త ప్యాడ్లు అరిగేలోపు దిగిపోయేలా ఉంటే ఇప్పుడే మార్చేయండి.

రాత్రి వాన పడ్డాక పొద్దున డిస్కు మీద కనిపించే నారింజ రంగు పొరకు టెన్షన్ పడక్కర్లేదు. వీధి చివరికి వెళ్లేలోపు బ్రేకు తొక్కితే పోతుంది. చూడాల్సింది ముదురు గోధుమ రంగు పట్టీల కోసం. లోపలి అంచునో బయటి అంచునో అలాంటి పట్టీ గట్టిగా పేరుకుని, మధ్యలో మాత్రమే మెరుస్తోందంటే ప్యాడ్ పూర్తిగా ఆనడం లేదు. తొక్కిన బ్రేకులో కొంత ఎప్పుడో తగ్గిపోయింది, మీరు అలవాటు పడిపోయారంతే.

లేత్ మీద పెట్టి ఒక కోటింగ్ తీయిద్దాం సార్, కొత్తది ఎందుకు దండగ అని చెప్పేవాళ్లు ఉంటారు. మందం బాగా మిగిలిన డిస్కుకు అది సరే. పదేళ్లు దాటి గట్టు నిలబడిన డిస్కును ఇంకా చెక్కితే కనీస మందం కిందికి పోతుంది. పల్చబడ్డ డిస్కు త్వరగా వేడెక్కుతుంది, వంకర పోతుంది, పగలనూ పగలొచ్చు. తిరుమల కొండ దిగేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డునే ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. మలుపు మీద మలుపు, కాలు బ్రేకు మీంచి తీసే పని ఉండదు.

కొనేటప్పుడు

స్పేర్ పార్టుల కోసం మౌంట్ రోడ్డు పక్కనే జీపీ రోడ్డు ఉంది, జనరల్ ప్యాటర్స్ రోడ్డు. ఆర్సీ ఫొటో, చాసిస్ నెంబరు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. ‘స్విఫ్ట్ డిస్కు ఒక సెట్టు ఇవ్వండన్నా’ అంటే కౌంటర్ వెనకనుంచి వచ్చే మొదటి ప్రశ్న ‘ఏ ఇయర్, పెట్రోలా డీజిలా?’ అనే. ఆ ప్రశ్న అడగకుండా డబ్బా తీసి ముందు పెట్టిన షాపులో నేనైతే కొనను. ఒకే పేరున్న కారుకు సంవత్సరాన్ని బట్టి, ఇంజన్‌ను బట్టి డిస్కు సైజు మారుతుంది. వీలైతే ముందే ఇంట్లో పాత డిస్కు అడ్డం కొలత, నట్ల రంధ్రాల సంఖ్య చూసి పెట్టుకోండి.

బ్రేకుల విషయంలో ఈ ఊరికి కొరత లేదు. 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా పాడిలో ఉంది. లైనింగులకు పేరున్న రాణే కూడా ఇక్కడిదే. కంపెనీ డబ్బా, సీలు, ఎమ్మార్పీ స్టిక్కరు, బిల్లు ఉన్నవే తీసుకోండి. బిల్లు లేకపోతే ఇంత తగ్గిస్తామంటే ఆ తగ్గింపు వద్దనండి. పుదుప్పేటలో పాత బళ్ల విడి భాగాలు బోలెడు దొరుకుతాయి. అద్దమో డోర్ హ్యాండిలో అయితే వెళ్లండి. సెకండ్ హ్యాండ్ డిస్కు మాత్రం ఎంత నిగనిగలాడుతున్నా ముట్టుకోవద్దు.

డిస్కులు రెండూ, ప్యాడ్లు నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒకవైపు కొత్తది, మరోవైపు పాతది ఉంటే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ప్యాడ్లతో పాటు వాటిని పట్టుకునే స్టీలు క్లిప్పుల సెట్టు విడిగా అమ్ముతారు, అదీ తీసుకోండి. పిన్నుల రబ్బరు బూట్లు చిరిగి ఉంటే ఆ కిట్ కూడా.

పనిముట్ల విషయానికొస్తే ప్యారీస్ దగ్గర శెంబుదాస్ వీధి, లింగిశెట్టి వీధుల్లో దొరకనిది ఉండదు. కావాల్సినవి ఇవి: వీల్ స్పానర్, 12, 14, 17, 19 సైజు సాకెట్లు, రాచెట్, పొడవాటి హ్యాండిల్, టార్క్ రెంచ్ (నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), పెద్ద సీ-క్లాంప్ (సీ ఆకారంలో ఉండి మరతో బిగించి నొక్కేది), వైరు బ్రష్, 80 నెంబరు ఎమరీ పేపరు, తుప్పు వదిలించే స్ప్రే, బ్రేక్ క్లీనర్ స్ప్రే, రబ్బరుకు పనికొచ్చే సిలికాన్ బ్రేకు గ్రీజు, ఒక గజం కట్టు తీగ. జాక్ ఎలాగూ డిక్కీలో ఉంటుంది, జాక్ స్టాండ్లు (ఎత్తిన బండిని మోయడానికి కింద పెట్టేవి) మాత్రం కొనాల్సిందే. ఖర్చు తగ్గించుకోవాలంటే టార్క్ రెంచ్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. స్టాండ్ల దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు.

మామూలు చక్రాల బేరింగు గ్రీజు బ్రేకుల్లో వాడకండి. దాని నూనెకు రబ్బరు ఉబ్బి, పిన్ను మళ్లీ బిగుసుకుపోతుంది.

బండి ఎత్తడం

ఎండ పడని చోటు, గట్టి నేల చూసుకోండి. అపార్ట్‌మెంటు కింద పార్కింగ్ బాగుంటుంది, కాకపోతే అక్కడ వేసిన ఇంటర్‌లాక్ టైల్స్ కొన్ని లోపల గుల్లగా ఉంటాయి. జాక్ కింద, స్టాండు కింద మందపాటి చెక్క పలక వేయండి. బండి అప్పుడే తిరిగొచ్చి ఉంటే గంటసేపు వదిలేయండి. మే నెలలో ఆ డిస్కును ముట్టుకుంటే చేయి కాలుతుంది.

హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు కొంచెం వదులు చేయాలి. గాల్లోకి లేచాక తిప్పబోతే చక్రమే తిరుగుతుంది. తర్వాత కారు పుస్తకంలో చూపించిన చోటే జాక్ పెట్టి ఎత్తి, స్టాండు మీద దించండి. ఒకసారి చేత్తో బండిని ఊపి చూడండి. కదలకపోతేనే చక్రం తీయండి. తీసిన చక్రాన్ని డోరు కింద అడ్డంగా పడేస్తే ఏ కారణంగానో స్టాండు జారినా బండి చక్రం మీద ఆగుతుంది.

ఒకవైపు పూర్తిగా అయ్యాకే రెండోవైపు ముట్టుకోండి. క్లిప్పు ఎటు ఉండాలో, రేకున్న ప్యాడ్ లోపలికా బయటికా అని అనుమానం వస్తే అవతలి చక్రం దగ్గర చూసి రావచ్చు. పని చేస్తున్న వైపు కాలిపర్ తేలిగ్గా అందేలా స్టీరింగ్ తిప్పుకోండి. విప్పే ముందు నాలుగు కోణాల్లో ఫొటోలు తీసుకోండి.

విప్పడం

ముక్కుకు మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకోండి. బ్రేకు దుమ్మును నోటితో ఊదకండి, ఎయిర్ పెట్టి కొట్టకండి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండి ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. క్లీనర్ స్ప్రేతో తడిపి, కింద పెట్టిన పాత ట్రేలోకి కారనివ్వండి.

కాలిపర్ వెనకవైపు, పైన ఒకటి కింద ఒకటి బోల్టులు కనిపిస్తాయి. చాలా కార్లకు 12 లేదా 14 సాకెట్ సరిపోతుంది. రెండూ విప్పి కాలిపర్‌ను లాగితే వచ్చేస్తుంది. రాకపోతే అరిగిన డిస్కు గట్టుకు ప్యాడ్లు తట్టుకుంటున్నాయన్నమాట. కాలిపర్‌ను చేత్తో బయటివైపుకు నెమ్మదిగా లాగుతూ అటూ ఇటూ కదిలిస్తే పిస్టన్ కాస్త వెనక్కి వెళ్లి దారి ఇస్తుంది. ఊడొచ్చిన కాలిపర్‌ను కట్టు తీగతో పైన స్ప్రింగుకు కట్టేయండి. బ్రేకు హోసు (బ్రేకు ఫ్లూయిడ్ అనే ద్రవం వచ్చే రబ్బరు గొట్టం) మీద వేలాడదీస్తే లోపల రబ్బరు తెగుతుంది, పైకి ఏమీ కనిపించదు. ఇక ఇప్పటి నుంచి ఎవరూ బ్రేకు పెడల్ తొక్కకూడదు. పిల్లలు డ్రైవర్ సీట్లో కూర్చుని ఆడుకునే అలవాటుంటే డోర్లు లాక్ చేయండి. పెడల్ తొక్కితే పిస్టన్ బయటికి ఊడొచ్చి ఫ్లూయిడ్ అంతా నేలపాలవుతుంది.

పాత ప్యాడ్లు బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడ రెండు నిమిషాలు ఆగితే మీ కారు బ్రేకుల చరిత్ర మొత్తం కనిపిస్తుంది. లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటిది మందంగా ఉంటే పిన్నులు పట్టేశాయి. ఒకే ప్యాడ్ ఒక చివర మందంగా, మరో చివర పల్చగా వాలుగా అరిగితే పై పిన్ను కింది పిన్నుల్లో ఒకటి మాత్రమే పట్టేసింది, లేదా ప్యాడ్ తన గాడిలో తుప్పుకు ఇరుక్కుంది. ఒక చక్రానికి ప్యాడ్లు రెండూ అరిగి, అవతలి చక్రానికి రెండూ బాగుంటే అనుమానం పిస్టన్ మీదకు, హోసు మీదకు వెళ్లాలి. రెండు వైపులా నాలుగూ సమానంగా అరిగితే మీ బండికి పెద్ద జబ్బేమీ లేదు.

తర్వాత ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్. దీని బోల్టులు రెండు, చాలావాటికి 17 సైజు, చాలా గట్టిగా ఉంటాయి. తుప్పు స్ప్రే కొట్టి టీ తాగి రండి. పొడవాటి హ్యాండిల్ వేసి, కుదుపులు లేకుండా ఒకే బలంతో లాగండి. బండి స్టాండు మీద ఉందన్న సంగతి మరిచిపోవద్దు, మీ బలమంతా బండిని పక్కకు తోసేలా ఉండకూడదు.

ఇక డిస్కు. తీరం పక్క బళ్లలో ఇది హబ్‌ను పట్టుకుని వదలదు. చాలా హ్యుందాయ్ కార్లలో రెండు నక్షత్రం తల స్క్రూలతో డిస్కు బిగించి ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవరుతో పట్టుపడితే తల అరిగిపోతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవరు వాడండి. పాత స్విఫ్ట్ లాంటి వాటికి ఆ స్క్రూలు ఉండవు కానీ డిస్కు మధ్య భాగంలో 8 మిల్లీమీటర్ల మర రంధ్రాలు రెండు ఉంటాయి. వాటిలో అదే సైజు బోల్టులు పెట్టి, దానికొక చుట్టు దీనికొక చుట్టు చొప్పున బిగిస్తూ పోతే డిస్కు హబ్ నుంచి తనంతట తానే లేచి టక్కుమని ఊడుతుంది. ఎలాగూ పారేసే డిస్కే కాబట్టి సుత్తితో కొట్టినా తప్పు లేదు. ముందు మాత్రం వీల్ నట్ ఒకటి నాలుగు చుట్లు ఎక్కించి ఉంచండి, ఊడిన డిస్కు కాలి మీద పడదు.

తుప్పు: అసలు పని

డిస్కు ఊడాక హబ్ ముఖం చూడండి. పెంకు పెంకులుగా లేచిన ఎర్ర తుప్పు, మధ్యలో బొడిపె చుట్టూ గట్టిగా పేరుకున్న వలయం కనిపిస్తాయి. కొత్త డిస్కు దీని మీదే చదునుగా కూర్చోవాలి. ఒకపక్క గోరంత తుప్పు పెంకు ఇరుక్కున్నా అంచు దగ్గరికి వచ్చేసరికి డిస్కు అటూ ఇటూ ఊగుతుంది. చాలా కార్లకు ఆ ఊగడం 0.1 మిల్లీమీటరు దాటకూడదు. డిస్కు వంకర పోయిందని వర్క్‌షాపులో చెప్పే కేసుల్లో చాలావాటికి మూలం ఈ తుప్పే.

వైరు బ్రష్‌తో మొదలుపెట్టండి. వీల్ నట్లు ఎక్కే స్టడ్ల మొదళ్ల చుట్టూ బ్రష్ అందదు, అక్కడ పాత స్క్రూడ్రైవరు మొనతో గోకాలి. తర్వాత ఎమరీ పేపరు. మధ్య బొడిపె చుట్టూ కూడా రుద్దండి, కొత్త డిస్కు రంధ్రం దాని మీదే దిగాలి. అయిపోయిందనుకున్నాక కళ్లు మూసుకుని వేలితో తడమండి. కంటికి దొరకని గరుకు వేలికి దొరుకుతుంది. లోహం మెరవక్కర్లేదు, చదునుగా ఉంటే చాలు. హబ్ ముఖానికి గ్రీజు దట్టంగా పూయొద్దు, తప్పనిసరైతే కాపర్ గ్రీజు పలచని పొర చాలు.

పిన్నుల దగ్గరికి రండి. కాలిపర్ పక్కకు జరిగేది వీటి మీదే. బ్రాకెట్ నుంచి ఒక్కొక్కటీ లాగండి. బాగున్న పిన్ను మెత్తగా, చిన్న గాలి చప్పుడుతో బయటికొస్తుంది. పట్టేసిన పిన్ను కదలదు, లేదా కదిలినా ఎర్రటి పొడి రాల్చుతూ గరగరా వస్తుంది. కొందరి బళ్లలో ఎండిపోయిన పాత గ్రీజు తారులా గట్టిపడి ఉంటుంది. పిన్నును బ్రేక్ క్లీనర్‌తో కడిగి, పిన్ను వెళ్లే రంధ్రాన్ని గుడ్డ చుట్టిన సన్నటి పుల్లతో తుడవండి. పిన్ను మీద గుంటలు పడి ఉంటే కొత్తది వేయాల్సిందే. రెండు పిన్నుల్లో ఒకదానికి చివర చిన్న రబ్బరు తొడుగు ఉండొచ్చు. పైది పైనే, కిందిది కిందే పెట్టాలి, తారుమారు చేయకండి. సిలికాన్ గ్రీజు పలచగా రాసి లోపలికి తోసి వదిలితే వేలితోనే ముందుకూ వెనక్కూ జారాలి.

వేళచ్చేరి, పళ్లికరణై వైపు వాళ్లకు ఒక మాట. వాన హెచ్చరిక రాగానే బళ్లన్నీ వేళచ్చేరి ఫ్లైఓవర్ మీదకు ఎక్కించడం 2024 అక్టోబరులో అందరూ చూశారు. ఎక్కించలేకపోయినవాళ్ల బండి చక్రం సగం దాకా మునిగి ఉంటే, పైకి ఎంత బాగున్నా పిన్నులు విప్పి చూడండి. రబ్బరు బూటు లోపలికి ఒకసారి నీళ్లు దూరితే తుప్పుకు అడ్డేమీ ఉండదు.

బ్రాకెట్ మీద ప్యాడ్ల చెవులు (రెండు చివర్లా పొడుచుకొచ్చిన భాగాలు) కూర్చునే గాడులు కూడా ఇంతే. పాత స్టీలు క్లిప్పులు పీకేయండి. వాటి కింద తుప్పు ఉబ్బి క్లిప్పును పైకి తోస్తుంది, దాంతో కొత్త ప్యాడ్ దూరనే దూరదు. అప్పుడు చాలామంది చేసే పని ప్యాడ్‌నే గ్రైండ్ చేయడం. అది తప్పు. గాడిలో తుప్పు గీకి, కొత్త క్లిప్పు పెడితే ప్యాడ్ చేత్తోనే దూరుతుంది, చేత్తోనే జారుతుంది.

పిస్టన్ వెనక్కి

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్ లోపలికి వెళ్లాలి. ముందు బానెట్ ఎత్తి బ్రేకు ఫ్లూయిడ్ డబ్బా చూడండి. నిండుగా ఉంటే సిరంజితో కొంత తీసేయండి, లేకపోతే పిస్టన్ నొక్కినప్పుడు పొంగుతుంది. ఆ ఫ్లూయిడ్ పెయింటును తినేస్తుంది, ఎక్కడైనా పడితే వెంటనే నీళ్లతో కడగండి.

పాత ప్యాడ్ ఒకటి పిస్టన్‌కు అడ్డం పెట్టి, సీ-క్లాంప్‌తో మెల్లగా బిగిస్తూ పోండి. పిస్టన్ నిదానంగా, ఒకే తీరుగా లోపలికి పోవాలి. బలమంతా ఉపయోగించినా కదలకపోతే, లేదా పిస్టన్ చుట్టూ రబ్బరు చిరిగి తడి కనిపిస్తే అక్కడితో ఆపేయండి. అది కాలిపర్ ఓవర్‌హాల్ పని. పాతవి ఎలా ఉన్నవి అలా బిగించి, బండిని నిదానంగా దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్యాడ్లు ఉక్కు దాకా అరిగి ఉంటే మాత్రం మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

కొత్తవి ఎక్కించడం

కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. రెండు వైపులా బ్రేక్ క్లీనర్ కొట్టి, నలుపు అంటనంత వరకు శుభ్రమైన గుడ్డతో తుడవండి. తర్వాత ప్యాడ్ తగిలే చోట చేయి పెట్టకండి. హబ్ మీద కూర్చోబెట్టి, వాషర్లు వేసి రెండు వీల్ నట్లు ఎదురెదురుగా బిగించి పెట్టుకుంటే మిగతా పని చేస్తున్నంతసేపు కదలకుండా ఉంటుంది. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, చేత్తో ఒక చుట్టు తిప్పి పక్క నుంచి చూడండి. కంటికి తెలిసేంత ఊగితే డిస్కు తీసి హబ్ మళ్లీ రుద్దండి.

బ్రాకెట్ బిగించండి, క్లిప్పులు పెట్టండి, ప్యాడ్లు దూర్చండి. కీచుమనే రేకున్న ప్యాడ్ సాధారణంగా లోపలివైపు, పిస్టన్ పక్కన ఉంటుంది. మీరు తీసుకున్న ఫొటో చూసి ఖాయం చేసుకోండి. ప్యాడ్ చెవుల మీద, వెనక పలక మీద గ్రీజు చుక్కంత చాలు. ప్యాడ్ ముఖానికి గ్రీజు అంటితే అది తుడిస్తే పోయేది కాదు, ప్యాడ్ ఆ గ్రీజును పీల్చేసుకుంటుంది. కాలిపర్ దించి బోల్టులు వేయండి. దించేటప్పుడు హోసు మెలి పడకుండా చూసుకోండి.

బోల్టుల బిగింపు అంకెలు మీ మోడల్ సర్వీసు మాన్యువల్ నుంచే తీసుకోవాలి. కాలిపర్ పిన్ను బోల్టులు చిన్నవి, తక్కువ బిగింపు చాలు. బ్రాకెట్ బోల్టులకు చాలా ఎక్కువ కావాలి. రెంటినీ ఒకే ఊపుతో బిగిస్తే చిన్నది తెగుతుంది. వీల్ నట్లకైతే పాత స్విఫ్ట్‌కు 85 న్యూటన్ మీటర్లు, ఐ10కు 88 నుంచి 107 వరకు. చక్రం గాల్లో ఉండగా చేత్తో బిగించి, నేల మీదకు దించాక ఎదురెదురు వరసలో టార్క్ రెంచ్‌తో ముగించండి. పంచరు షాపులో గన్ పెట్టి కొట్టించినట్టు కొడితే మీరు అంతసేపు రుద్దిన హబ్ మీద డిస్కు అసమానంగా నొక్కుకుంటుంది.

బండి కదిపే ముందు

ఇప్పుడు పెడల్ తొక్కితే అది నేల దాకా దిగిపోతుంది, కంగారు పడకండి. పిస్టన్ వెనక్కి తోసేశాం కదా. ఇంజన్ ఆన్ చేయకుండానే పెడల్‌ను నెమ్మదిగా మళ్లీ మళ్లీ తొక్కండి, గట్టిపడేదాకా. ఇది మరిచిపోయి స్టార్ట్ చేసి రివర్స్ వేసినవాళ్లకు పార్కింగ్ స్తంభమే బ్రేకు అవుతుంది. పెడల్ గట్టిపడ్డాక ఫ్లూయిడ్ మట్టం చూసి తగ్గితే పోయండి. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయండి. డాట్ 5 అనేది సిలికాన్ ఫ్లూయిడ్, పేరు దగ్గరగా ఉన్నా దీంతో కలవదు.

ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటి ఉంటే ఈ పనితో పాటు మెకానిక్ దగ్గర దాన్నీ మార్పించేయండి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, మన ఊళ్లో తేమకు కరువా. కొత్త డాట్ 3 మరగాలంటే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ కావాలి. తేమ పీల్చిన దానికి ప్రమాణం 140 డిగ్రీలే. కొండ దిగేటప్పుడు కాలిపర్ వేడికి ఫ్లూయిడ్ మరిగి ఆవిరైతే పెడల్ స్పాంజిలా దిగిపోతుంది, ఎంత కొత్త డిస్కులున్నా లాభం లేదు.

బెడ్డింగ్

కొత్త ప్యాడ్, కొత్త డిస్కు ఒకదానికొకటి అలవాటు పడాలి. ఆదివారం తెల్లవారుజామున సిరుసేరి ఐటీ పార్కు లోపలి రోడ్లు, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటు రోడ్లు ఖాళీగా ఉంటాయి. ముందు నడక వేగంలో బ్రేకు పనిచేస్తోందో లేదో చూసుకోండి. తర్వాత గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి మధ్యస్థంగా తొక్కుతూ తగ్గించండి, పూర్తిగా ఆపకండి. మళ్లీ 50కి వెళ్లి, కాస్త దూరం గాలి తగలనిచ్చి, మళ్లీ తొక్కండి. ఇలా ఎనిమిది, పది సార్లు. కొంచెం కాలిన వాసన రావడం మామూలే. అయ్యాక బ్రేకు తొక్కకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. వేడి డిస్కును ప్యాడ్‌తో గట్టిగా పట్టి ఒకేచోట నిలబెడితే అక్కడ మచ్చ పడుతుంది, వణుకుకు అదే మొదలు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప సడన్ బ్రేకు వేయకండి. ఆ వారంలోనే తిరుమల ప్రయాణం పెట్టుకోవద్దు.

ఇంటికొచ్చాక రెండు ముందు చక్రాల దగ్గరా చేయి పెట్టి వేడి పోల్చండి, డిస్కును మాత్రం తాకకండి. ఒకటి బాగా ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు పిన్నో పిస్టనో ఇంకా పట్టుకునే ఉంది. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో చూడండి.

పాత డిస్కులు పోత ఇనుము కాబట్టి పాత సామాన్లవాడు కిలో లెక్కన తీసుకుంటాడు. సిరంజితో తీసిన ఫ్లూయిడ్‌ను కాలవలో పోయకుండా సీసాలో పోసి మెకానిక్ షాపులో పాత ఆయిల్ డ్రమ్ము ఉంటే వాళ్లకివ్వండి. మీ దగ్గర మిగిలిన కొత్త ఫ్లూయిడ్ సీసా మాత్రం వచ్చే ఏడాదికి పనికొస్తుందని దాచకండి. మూత తీసిన రోజు నుంచే అది చెన్నై గాలిని తాగుతూ ఉంటుంది.